నల్లతుమ్మ పలకలకు బూజు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేరుశనగ విత్తే రోజుల్లో, నన్ను కళ్యాణదుర్గం దగ్గర ఒక సామిల్లుకు పంపారు. అప్పుడు నేను కలప పరీక్షా కేంద్రంలో సహాయ సాంకేతికాధికారిని. కోసిన కలపను పగుళ్లు, వంకరలు రాకుండా ఆరబెట్టడాన్ని మా వృత్తిలో సీజనింగ్ అంటారు. చిన్న మిల్లుల వారికి అది నేర్పడం నా బాధ్యత.

ఆ మిల్లు సంజీవమ్మది. సేద్యం చూసుకుంటూనే, తండ్రి పెట్టిన రంపాన్ని ఆమె నడిపేవారు. చెరువుల్లో పెరిగిన నల్లతుమ్మను బండిచక్రాలకు కోసిన రంపం అది. ఎద్దుల బండ్లు తగ్గాక, రెండంగుళాల మందం పలకలు కోసి బల్లలు చేసేవారికి అమ్మాలని ఆమె పూనుకున్నారు. మొదటి విడత మొత్తం చీలిపోయింది. రెండోదీ చీలితే రంపం అమ్మేసి, మిగిలిన దుంగలను బొగ్గుల బట్టీకి తోలుతానని మొదటి రోజే నాతో చెప్పారు.

కారణం కోసం వెతకనవసరం లేకపోయింది. కళ్లంలో శనక్కాయలు పరిచినట్టు పలకలను ఎండలో పరిచి, పూటపూటకూ తిరగేశారు. నల్లతుమ్మ చేవలో, అంటే మాను లోపలి గట్టి కలపలో, తేమ చాలా నెమ్మదిగా కదులుతుంది. పైపొర ముందే ఆరి కుంచించుకోబోతే, ఇంకా పచ్చిగా ఉన్న లోపలి భాగం దాన్ని కుంచించుకోనివ్వదు. అప్పుడు పైపొర పగులుతుంది. తడి ప్రాంతాల్లో కలప ఆరడానికి అవస్థ పడతాం. అనంతపురం గాలికి అది త్వరగా ఆరకుండా ఆపడమే పని.

కొత్త పలకల కొసలకు మైనం పూయించాను. తేమ ముందుగా పోయేది అక్కడి నుంచే. షెడ్డులో పలకకూ పలకకూ మధ్య ఒకే మందం బద్దలు, ఒకదాని పైన ఒకటి సరిగ్గా నిలువు వరుసలో పెట్టించాను. వరుస తప్పితే పలక వంగుతుంది. పైన బరువుకు రాతిబండలు, పడమటి గాలి తగిలే వైపు తడి గోనెపట్టాలు.

“ఆరబెట్టేదానికి తడిగోనె కట్టేదేంది సారూ? మా నాయన ఉండింటే మనిద్దర్నీ తరిమింటాడు,” అని నవ్వారు సంజీవమ్మ. అయినా కట్టించారు.

కొన్ని వారాలకు ఆమె ఫోన్ చేశారు. “బూజు పట్టినాది సారూ. యాడ చూసినా తెల్లగా ఉండాది. బిర్నా రాప్పా!”

నేను మరునాడు చేరేసరికి గోనెలు విప్పేసి ఉన్నాయి. పైనున్న రెండు పలకలు ఎండలో ఉన్నాయి. వాటి మీద సన్నని పగుళ్లు అప్పటికే కనిపిస్తున్నాయి.

“బట్టీవోనికి ఫోన్ చేద్దామా అక్కా?” అన్నాడు రంపం పట్టే ఓబులేసు.

“నోరు మూసుకోరా. కాయకు బూజొస్తే కళ్లమంతా పోతాది. ఊరికే ఎట్ల కూచుండేది?” అన్నారు ఆమె.

దొంతిలోని ఒక పలకను పొడిగుడ్డతో తుడిచాను. తెలుపు పోయింది, కింద కలప శుభ్రంగా ఉంది. కాయలో బూజు పప్పుదాకా పోతుందని, ఈ చేవకు మాత్రం పైనే ఆగిపోతుందని వివరించాను. గోనెలకు నీళ్లు కాస్త తగ్గిస్తే చాలన్నాను. తేమ మీటరు పెట్టి, పలకలో తేమ ఇంకా ఎక్కువగానే ఉందని చూపాను.

సంజీవమ్మ ఎండలోని పలకల పగుళ్ల మీద వేలు పెట్టి కొసదాకా నడిపారు. చివరకు, “ఓబులేసూ, గోనెలు కట్టు. ఈ రెండూ మంచం కోళ్లకు కోసుకుందాం,” అన్నారు.

మరుసటి వేసవికి మీటరు తేమ నూటికి పన్నెండని చూపింది; బల్లలకు ఆ ఆరుదల చాలు. దొంతిలోని పలకలు ఒక్కటీ చీలలేదు. హిందూపురంలో బల్లలు చేసే ఆయన వాటన్నిటినీ తీసుకున్నాడు. రంపం ఈ రోజుకీ నడుస్తోంది. రెండు పలకలు కళ్ల ముందే పాడైన పూట, మిగతావాటిని నా మాట మీద మూసి ఉంచినందుకు సంజీవమ్మకు కృతజ్ఞుణ్ణి.

ఆ తరువాత ఏ మిల్లుకు వెళ్లినా, మీటరు బయటికి తీయకముందే, ఆ ఇంట్లో ఏ పంట ఆరబెడతారని అడిగేవాణ్ణి. కలప గురించి ముందుగా ఏం చెప్పాలో ఆ జవాబును బట్టి నిర్ణయించుకునేవాణ్ణి.