డబ్బా బండికి కరెంటు

నేను చేలలోకి రావడం మా ఆయనకు ఇష్టం లేదని కాదు. అక్కడ నాకేమన్నా అయితే దవాఖానకు ఎత్తుకొని పరుగెత్తడం ఇష్టం లేదు. రెండూ ఒకటే కదా అంటాడు. నాకు ఒకటి కావు.

మాది పసుపు ఉడికించే పని. ఒక ఆవిరి బాయిలరు, దానికి తగిలించిన డ్రమ్ములు, కుప్పెడు కట్టెలు, ఇన్ని నీళ్లు ఉంటే చాలు. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకం మొదలైందంటే కిరాయికి ట్రాక్టరు తెచ్చుకొని బాయిలరును ఒక చేను నుంచి ఇంకో చేనుకు లాగించుకుంటూ పోతాం. డ్రమ్ము మూత తీసి, వెదురు పుల్లతో కొమ్మును గుచ్చి ఉడికిందో లేదో చెప్పే పని మొదటినుంచీ నాదే. పుల్ల దిగే తీరు చూడాలి, ఆవిరి వాసన కూడా చూడాలి. తక్కువ ఉడికితే కొమ్ము ఎండాక రంగు రాదు, ఎక్కువ ఉడికితే మెత్తబడి పాడవుతుంది. మార్కెట్ యార్డులో ఖరీదుదారు కొమ్మును విరిచి చూసి మొహం చిట్లిస్తాడు. ఆ చిట్లింపు ముందు రైతుకు తగులుతుంది, ఆ తర్వాత మాకు తగులుతుంది.

షుగరుకు గోలీలు ఇక సరిపోవు, ఇన్సులిన్ తీసుకోవాలని డాక్టర్ చెప్పిన రోజు నాకు సూదంటే భయం వేయలేదు. ఆయన తర్వాత అన్న మాటకు వేసింది. "మందు ఫ్రిజ్‌లో పెట్టాలమ్మా. వేడి తగిలితే పనిచేయదు. ఈసారి చేన్లకు పోవడం మానుకోండి" అన్నాడు. మా ఆయన ఆ మాటను తాయెత్తులా మెడలో కట్టుకున్నాడు. నేను నోరు తెరిస్తే చాలు, "డాక్టర్ ఏమన్నడు?" అనేవాడు. టీవీ ముందు కూర్చుంటే షుగర్ తగ్గుతుందా అని అడిగితే మళ్లీ అదే మాట. ఆ పుల్ల ఒక్క సీజను ఇంకొకరి చేతికి పోతే మళ్లీ నా చేతికి రాదు. నా భయమంతా అదే.

మాకో పాత పికప్ ఉంది. దాని వెనక రేకులతో గదిలా డబ్బా కట్టించాం. లోపల రెండు బల్లలు, పొయ్యి, బియ్యం డబ్బా. సీజనంతా అదే మా ఇల్లు. అందులో ఫ్రిజ్ పెట్టిస్తే డాక్టర్ మాటకు డాక్టర్ మాటా నిలుస్తుంది, నా పనికి నా పనీ నిలుస్తుంది అనుకున్నాను. బస్టాండు దాటాక లారీలకు కరెంటు పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. బండి నేరుగా ఆయన ముందర పెట్టించాను.

"లారీ డ్రైవర్లు కూల్ డ్రింకులకు పెట్టుకుంటరు, నువ్వు మందుకు పెట్టుకో ఆపా. ఫరక్ ఏమున్నది?" అని ఒక పెట్టె ఫ్రిజ్ చూపించాడు భాయ్. పైన మూత, పక్కన ఒక చిన్న దీపం. చల్లగా ఉంటే పచ్చగా, కరెంటు చాలకపోతే ఎర్రగా వెలుగుతుంది. మా ఆయన ఇంట్లో ఉన్న పికప్ పాత బ్యాటరీ పెడదామన్నాడు.

"గది ఒక్కసారి జోర్‌గ కొట్టి ఇంజన్ లేపేటందుకు అన్నా. దినమంతా జర జర ఇయ్యమంటే రెండు నెలలల్ల సచ్చిపోతది" అన్నాడు భాయ్.

అక్కడితో ఆగితే మా ఆయన ఎట్లా అవుతాడు? కరెంటు ఎట్లాగూ పెట్టిస్తున్నాం కాబట్టి టీవీ, మిక్సీ, పెద్ద ఫ్యాను అంటూ లెక్క మొదలుపెట్టాడు. భాయ్ కూడా సరే సరే అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ముందు ఫ్రిజ్, మిగిలితే లైటు, ఇంకా మిగిలితే చిన్న ఫ్యాను, అంతకుమించి ఒక్క తీగ కూడా డబ్బాలోకి రావద్దని చెప్పి అక్కడే స్టూలు వేసుకొని కూర్చున్నాను. పని అయ్యేదాకా లేవలేదు. డబ్బా కప్పు మీద సోలార్ పలక బిగించారు. రేకుకు చేసిన రంధ్రాల చుట్టూ వాన కారకుండా మైనంలాంటిది పూశారు. బల్ల కింద కొత్త బ్యాటరీ, గోడకు ఫ్యూజుల పెట్టె. బండి నడిస్తే ఇంజను నుంచి కూడా బ్యాటరీకి కరెంటు ఎక్కేటట్టు ఒక లావు తీగ వేశాడు. కానీ మేం ఒక చేనులో దిగితే పని అయ్యేదాకా బండి కదలదు. కాబట్టి సూర్యుడే దిక్కు.

"ఒక్క మాట యాదుంచుకోండ్రి. బండిని చెట్టు కింద పెట్టొద్దు" అన్నాడు భాయ్.

మా దగ్గర ఎండాకాలం బండిని ఎండలో నిలబెట్టేవాడిని పిచ్చివాడంటారు. మా ఆయన ఆ పిచ్చివాడు కావడానికి చాలా బాధపడ్డాడు. మొదట జక్రాన్‌పల్లి వైపు దిగాం. బండి ఎండకు, మేం నీడకు. అటు పోయేవాళ్లు ఆగి, "ఏమయ్యా, చెట్టు కనవడలేదా?" అని అడిగితే ఆయన నా వైపు చూపించేవాడు. ఫ్రిజ్ దీపం మాత్రం పచ్చగా ఉండేది. నేను పొద్దున ఇంజెక్షన్ తీసుకొని, తిని, పుల్ల పట్టుకొని డ్రమ్ముల దగ్గరికి పోయేదాన్ని. అన్ని రోజుల్లో ఒక్కనాడూ కళ్లు తిరగలేదు. లోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

తర్వాత ముప్కాల్ దగ్గర ఒక చేనుకు పోయాం. అక్కడ బోరు మోటారు గది ఉంది. దానికి పక్కన మెట్లు, పైన చదును కప్పు. ఆ గదికి ఆనించినట్టుగా, నీడ పడని వైపు బండి పెట్టాం. పని మంచిగా నడిచింది. ఒక పొద్దున మందు కోసం చూస్తే ఫ్రిజ్ దీపం ఎర్రగా ఉంది. మూత తీస్తే చల్లదనం లేదు. మందు సీసా పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. అంతకుముందు సాయంత్రం నేను దీపం వైపు చూడనే లేదు.

మా ఆయన అరిస్తే బాగుండేది. రైతు మోటారు సైకిలు అడిగి తీసుకొని పోయి మెడికల్ షాపు నుంచి కొత్త మందు, ఐసు గడ్డలు తెచ్చాడు. నేను ఇంజెక్షన్ తీసుకున్నాక నా బట్టల సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"సర్దుకో. ఇంట్ల దింపి వస్త."

"మోటరు గదిల కరెంటున్నది గదా, తీగ గుంజు."

"పోయినేడు గట్లనే గుంజితె ఫ్యాను కాలిపోయింది. గీ ఫ్రిజ్ గూడ కాలవెడ్తవా?"

"అయితె ఇంజన్ స్టార్ట్ చెయ్యి."

"దినాం డీజిల్ కాలవెట్టి మందు చల్లగ చేస్తమా? డాక్టర్ ముందే చెప్పిండు. నువ్వే ఇనలే."

సంచిలో చీరలు కుక్కుతుంటే ఏడుపొచ్చింది. కోపం వస్తే నాకు ఏడుపొస్తుంది, అది నా కర్మ. అటు డ్రమ్ము ఆవిరి కక్కుతోంది. ఆయన ఒక కొమ్మును పుల్లకు గుచ్చి తెచ్చి, "గిది జర చూడు" అన్నాడు. ఇంటికి పోయేదాన్ని నన్నెందుకు అడుగుతున్నావన్నాను. ఆయన ఆ కొమ్మును తనే వాసన చూసుకుంటూ వెనక్కి పోయాడు.

సంచి కట్టేముందు భాయ్‌కి ఫోన్ చేశాను, తిట్టడానికే. ఆయన తిట్లన్నీ విని ఫ్యూజు చూడమన్నాడు. మంచిగానే ఉంది. తీగలు ఎలుక కొరికిందేమో చూడమన్నాడు. కొరకలేదు.

"మీదికెక్కి చూసిండ్రా ఆపా?"

"మీద ఏముంటది భాయ్? ఎండ ఉంటది."

"చూసి చెప్పు."

మోటారు గది మెట్లు ఎక్కాను. పై నుంచి మా డబ్బా కప్పు చెయ్యి చాపితే అందే ఎత్తులో ఉంది. పలక కనబడలేదు. దాని మీద నాలుగు మూలలా ఒక పాత నూలు చీర పరిచి ఉంది. చీర నిండా ఉడికిన పసుపు కొమ్ములు, ఒకదాని మీద ఒకటి పడకుండా ముచ్చటగా పేర్చినవి.

మా దగ్గర అమ్మే పసుపు వేరు, ఇంటి పసుపు వేరు. మొదటి డ్రమ్ము దించగానే రైతు ఇంటి ఆడమనిషి ఇన్ని మంచి కొమ్ములు ఏరి పక్కకు తీసుకుంటుంది. కూరకు, గడపకు, దేవుడికి ఏడాదంతా అవే. అందుకే నేల మీద ఎండబెట్టదు. చేనుకు నీళ్లు కట్టడానికి వచ్చిన రైతు భార్యను కేక వేశాను.

"నేనే పోసిన వదినె. కింద మేకలు తొక్కుతున్నయ్. మీ డబ్బ మీద అద్దం తీరుగ మంచిగున్నది, వేడి గూడ మస్తున్నది" అంది సంతోషంగా. "మీకు గూడ ఒక దోసెడు పోసిన."

"నీ పసుపు నా మందును తిన్నది చెల్లె!" అని అరిచాను. ఏం మందని అడిగింది. చెప్పాను. ఆ మనిషి మొహం వాడిపోయింది. గబగబా పైకొచ్చి కొమ్ములతో సహా చీర మూటగట్టింది. తడి కొంగుతో ఆ అద్దాన్ని దేవుడి పటంలా తుడిచింది. నా కోపం అక్కడే సగం చచ్చిపోయింది.

మధ్యాహ్నం దాటాక దీపం పచ్చబడింది. మా ఆయన వచ్చి చూశాడు. సంచి తీసి మళ్లీ బల్ల కింద పెట్టి పుల్ల నా చేతికిచ్చాడు. నేను చూడకుండా దించిన డ్రమ్ములో కొమ్ములు గుచ్చి చూస్తే పుల్ల సగంలోనే ఆగింది. మళ్లీ ఆవిరి పట్టించాం. అప్పటినుంచి ఏ చేనులో దిగినా, డబ్బా మీద ఏమీ ఎండబెట్టొద్దని మొదట చెప్పేది మా ఆయనే.

సీజను అయ్యాక డాక్టర్ దగ్గరికి పోయాం. రిపోర్టు చూసి పరవాలేదన్నాడు. తర్వాత కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "చెప్పినట్టే చేన్లకు పోలేదు కదా?" అన్నాడు. నేను అబద్ధం వెతుక్కుంటున్నాను.

"ఆమె పోలే సార్, నేనే తీస్కపోయిన" అన్నాడు మా ఆయన. "ఆమె లేకుంటె మాకు పసుపు ఉడకది."