నీడ పడినంత మేర

మా వదినె ఎర్రమ్మకు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఆయన రాంబాబుకు అక్క ఆవిడ. పర్ణశాల అవతల అడవి ఊళ్లో దూలయ్యకు ఇచ్చారు. ఇరవై ఏళ్లు కాపురం చేశాక, 2004 చలికాలంలో, ఆ మహానుభావుడు ఇంకో మనిషిని తెచ్చుకుని "నువ్వు మీ ఇంటికి పో" అన్నాడు. తెగదెంపులకు పెద్దలు కూర్చున్నారు.

మగవాడు విడిచిపెడితే పరిహారం ఇవ్వాలి. మా కోయవాళ్లు దాన్ని తప్పు కట్టడం అంటారు. పదివేలూ రెండు మేకలూ అన్నారు. అందులో ఒక మేక పంచాయితీ పెద్దల విందుకే పోతుంది, అదీ ఆచారమేనట! మా ఆయన వెంటనే సరేనన్నాడు. ఆ డబ్బుతో పాత నీళ్ల మోటారు కొనాలని ఆయన ఆశ. అక్క ముసలితనం ఆయన కంటికి ఆననే లేదు.

"పైసలొద్దు. చేను గట్టు మీది నాలుగు ఇప్పచెట్లు ఇయ్యండి," అంది వదినె.

మా దగ్గర ఏ ఇంటి ఇప్పచెట్లు ఆ ఇంటివే. ఏటా ఎండాకాలం రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి సంతలో అమ్ముకుంటే ఒంటి మనిషికి వానాకాలం గడిచిపోతుంది. కానీ చెట్టు మొగుడి ఇంటిది. ఆ ఇంటి పొయ్యి వెలిగించినన్నాళ్లే ఆడదానికి పువ్వు.

పొద్దంతా ఇదే గోల. పెద్దమనిషి మంగయ్య పటేల్ విసిగిపోయి, "ఇంకెన్నేండ్లు బతుకుతవని గింత ఆలోచన?" అని కసిరాడు.

"అది తెలిస్తే మీ పైసలే తీసుకుందును పటేలా. ఏడాదికింతని పంచుకుని తిందును," అంది వదినె.

చివరికి చెట్లు ఇస్తామన్నారు. మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. నేను హమ్మయ్య అనుకునేలోపే దూలయ్య, "చెట్లు ఆమెయి. కింద నేల నాది. కాలు పెడితే ఊకోను," అన్నాడు. పువ్వు రాలేది నేల మీదే కదా! మళ్లీ మొదలు. సాయంత్రానికి ఒకటి తేలింది: మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ ఎంత మేర పడితే అంత నేల వదినెది. మర్నాడు హద్దుకు గూటాలు పాతాలి.

మర్నాడు మేం వెళ్లేసరికి చేను వైపు కొమ్మలు లేవు. దూలయ్య నాలుగు చెట్లకూ నరికేశాడు. పూసే ఇప్పచెట్టు మీద గొడ్డలి వేయడం మావాళ్లెవరూ చేయని పని. పటేల్ వాణ్ని నానా తిట్లూ తిట్టి, ఆఖరికి, "ఏం జేస్తం, మాట మాటే. ఉన్న నీడకే పాతుండ్రి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడు సగం పువ్వయినా రాదు.

వదినె వెళ్లి కొమ్మలు తెగిన చోట చేత్తో తడిమి చూసింది. పాతిన మొదటి గూటాన్ని వచ్చి పీకేసింది.

"గూటాలొద్దు పటేలా. నీడ పడినంత నాదన్నరు. చెట్టు బతికే ఉంది. ఏ ఏటి నీడ ఆ ఏడు నాదేనా, కాదా?"

పటేల్ గడ్డం గోక్కున్నాడు. "అవ్. గట్లనే అన్నం."

ఆవిడ దూలయ్య వైపు తిరిగింది. "కొమ్మలు మళ్లొస్తయి. అవి వచ్చినంత మేర నీ నాగలి నువ్వే వెనక్కి జరుపుకో."