తలుపు మూసి ఉందనుకో

మా అక్కకు కోపం వస్తే అరవదు. అరిచే పని నాది. అక్క పళ్ళు బిగించి తన పని తాను చేసుకుపోతుంది, అది ఇంకా ప్రమాదం.

లిఫ్టులు తయారుచేసే కంపెనీలో అక్క ఉద్యోగం. లిఫ్టును నడిపే ప్రోగ్రాంలో తప్పులున్నాయేమో ఇంకో సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేయాలి. తలుపు తెరిచి ఉండగా లిఫ్టు కదలదని అది తేల్చి పచ్చగుర్తు వేస్తేనే సరుకు బయటికి వెళ్తుంది. అలా వెళ్ళిన లిఫ్టే ఒకటి తలుపు తెరిచి ఉండగా కదిలింది. మరమ్మతుకు వెళ్ళిన మెకానిక్ కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. "తనిఖీ చేసింది ఆవిడే" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. అక్కను పాత ఫైళ్ళ గదిలో పడేశారు. అక్క ఆస్పత్రికి చూడ్డానికి వెళితే మెకానిక్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మేనేజరు నోట్లో పురుగులు పడ, వాణ్ణి నేను తిట్టని రోజు లేదు.

"తిట్టి ఏం లాభమే? వాడి నోటితోనే చెప్పిస్తా. ఆ మెకానిక్ ఎదుటే" అంది అక్క.

ఆ తనిఖీ సాఫ్ట్‌వేర్‌కు విడిగా తగిలించుకునే బ్రౌజర్లు రెండున్నాయి, ఇంటర్నెట్‌వి కావు, లోపలేముందో తెరిచి చూపించేవి. ఒకటి కోడ్ చూపిస్తుంది. రెండోది డేటాది, ఏ విలువ ఎక్కడ పుట్టిందో, ఎక్కడ మారిందో చెబుతుంది. సిస్టం స్లో అయిపోతుందంటూ మేనేజరు వాటిని ఎవరినీ పెట్టుకోనిచ్చేవాడు కాదు. ఫైళ్ళ గదిలో అక్కను చూసేదెవరు? పెట్టేసింది. మొదట విండో ఖాళీగా వచ్చింది, వెర్షన్ కలవలేదట. పీకేసి, పాతది వెతికి మళ్ళీ పెట్టింది.

ఈసారి తలుపు విలువ మీద నొక్కగానే పక్కన కోడ్ తెరుచుకుంది. 'తలుపు మూసి ఉందనుకో' అని అర్థమొచ్చే లైను ఒకటి కనిపించింది. అలా రాస్తే సాఫ్ట్‌వేర్ పాపం నమ్మేస్తుంది, ఇక తలుపు సంగతి చూడదు. తనిఖీ ఎక్కడైనా చిక్కుపడితే తాత్కాలికంగా రాసుకుని, తరువాత తీసేయాల్సిన లైను అది. అక్క తనిఖీ ముగించాక మేనేజరు ప్రోగ్రాం మార్చాడు. మళ్ళీ తనిఖీ చేస్తే పచ్చగుర్తు రాలేదు. ఈ లైను రాసి పచ్చగుర్తు తెప్పించుకున్నాడు. పక్కన వాడి లాగిన్ పేరే ఉంది.

"వాడి దుంప తెగ!" అని, అక్క ఇంటికొచ్చి ఇదంతా చెప్పగానే నేను ఎగిరి గంతేశాను. అక్క నవ్వనైనా నవ్వలేదు.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళి, ఒక కాపీలో ఆ లైను తీసేసి, వాడి కళ్ళముందే తనిఖీ నడిపింది. ఎర్రగుర్తు వచ్చింది.

వాడు గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ సీటు నీకిచ్చేస్తా. మెకానిక్‌కి ఎప్పుడో నేనే మెల్లగా చెబుతాలే."

"ఎప్పుడో ఎందుకు సార్? మీరు రమ్మన్నారని కబురు పెట్టా. బయటే కూర్చున్నాడు."

అక్కే వెళ్ళి పిలుచుకొచ్చింది. కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించుకుని మెకానిక్ లోపలికి వచ్చాడు. అక్క మొహం చూడలేదు. మేనేజరు అలవాటు కొద్దీ లేచి కుడిచెయ్యి చాపాడు, ఆ కట్టు చూసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పండి సార్" అంది అక్క, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నేనూ వింటా."