బావ నావతో చేసిన కుర్చీ

ఈ ఆదివారం ఉదయం మా అప్పను, అంటే మా అక్కను, నలుగురి ముందూ కుర్చీలోంచి లేపేశాను. మోకాళ్ల నొప్పులతో చాప మీద కూర్చోలేక ఆమె వెళ్లి వేదిక పక్కనున్న పాస్టరు అయ్యగారి కుర్చీలో కూర్చుంది. అందులో ఎవరూ కూర్చోకూడదన్నది మా భావనపాడు మందిరంలో ఎప్పటినుంచో ఉన్న కట్టడి, దాన్ని అందరికంటే పట్టుదలగా కాపాడుతున్న సంఘ పెద్దను నేను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా ఊరికి వచ్చిన అయ్యగారు ఇసకలో సైకిలు ఈడ్చుకుంటూ వచ్చి, మేం వలలు బాగు చేసుకునే చోటే చతికిలబడి, మాటల మధ్యలోనే కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ముందు నేను బాప్తిస్మం తీసుకున్నాను. అప్ప మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. బావ వేటకు వెళ్లిన ప్రతిసారీ ఇంట్లో అమ్మవారి పటానికి దణ్ణం పెట్టుకుంటే తప్ప ఆమెకు ముద్ద దిగేది కాదు. దేవుడికి రూపం లేదని నెలల తరబడి నేను పోరగా పోరగా, ఒకరోజు ఆ పటాన్ని తన చీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చి, ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆమె నమ్మింది అయ్యగారిని కాదు, తమ్ముణ్ణి.

తర్వాత బావ ఫైబర్ బోటు కొనుక్కుని, పాత నావ చెక్కలు మందిరానికి ఇచ్చేశాడు. వాటితోనే వడ్రంగి ఎత్తైన వీపు పెట్టి అయ్యగారికి కుర్చీ చేశాడు.

తుఫానుకు మా కప్పులు ఎగిరిపోయి టార్పాలిన్ల కింద గంజి కాచుకుంటున్నప్పుడు, పట్నంలో పెద్ద మందిరం పిలిచిందని, త్వరలోనే వచ్చేస్తానని చెప్పి అయ్యగారు వెళ్లారు. మళ్లీ ఆయన్ని మేం చూసింది టీవీలోనే, అంతకంటే పెద్ద కుర్చీలో. బావ పోయినప్పుడు కబురు పంపినా రాలేదు. మోసం చేశాడని ఊరంతా అంది. నా గుండె కూడా అదే అంటున్నా పైకి ఒప్పుకోలేక, ఆ కుర్చీకి ప్రతి శనివారం తెల్ల తువ్వాలు మారుస్తూ, వేటకు వెళ్లేముందు ఎవరూ చూడకుండా దాని చేతిని తాకి వెళ్లేవాణ్ణి. అది ఎదురుచూపు అనుకున్నాను.

ఇవాళ నేను లెమ్మన్నప్పుడు అప్ప గోడ పట్టుకుని లేచింది.

“నా పెనిమిటి నావ చెక్క మీద నేను కూకుంటే నీకేటి నొప్పిరా? రూపం నేదు, రూపం నేదు అని మా ఇంట్లో పటం తీయించినావు. ఇక్కడ దీనికి తువ్వాల కట్టి నువ్వు సేస్తన్నదేటి?”

ఆమె చెప్పులైనా వేసుకోకుండా ఎండలోకి వెళ్లిపోయింది. అయ్యగారు నన్ను వంచించారని ఇన్నేళ్లూ లోలోపల కుమిలిన నేను, నన్ను నమ్మిన మనిషిని అంతకంటే దగ్గరగా ఉండి వంచించాను.

ప్రార్థన అయ్యాక తువ్వాలు తీసేసి, కుర్చీని నెత్తిన పెట్టుకుని ఊరి మధ్య నుంచే అప్ప ఇంటికి నడిచాను. వాకిట్లో చేపలు ఎండబెడుతున్న అప్ప తలెత్తి చూసింది.

“ఏటిరా, ఊరేగింపా? మేళం ఏదీ?”

చూరు కింద కుర్చీ దించి, తప్పయిపోయింది అప్పా, వచ్చే ఆదివారం వస్తావా అని అడిగాను.

“కూకోడానికి సోటుంటే సూద్దాం,” అంది.

కుర్చీలో మాత్రం కూర్చోలేదు. కాకులకు అందకుండా ఎండుచేపల గంప తీసి దాని మీద పెట్టింది. నేను నేల మీద కూర్చుని మిగతా చేపలు తిరగేస్తూ ఉండిపోయాను. అప్పట్లో ఇసకలో మా పక్కన కూర్చున్న మనిషికి మేమే ఎందుకు అంత ఎత్తు కుర్చీ చేసిపెట్టామో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. సాయంత్రం లేచి వస్తూ కుర్చీ దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లకు ఆ చెక్కల్లోంచి మళ్లీ చేపల వాసన వస్తోంది, బావ నావలో వచ్చినట్టే.