తిరుత్తణిలో రెండో గుండు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది జూన్ నెలలో నాకు జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే వంశంలో పాకే జబ్బుల గురించి రోగులతో మాట్లాడే పని అప్పగించారు. అప్పటికి నేను తిరువళ్ళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కేన్సర్ డే-కేర్ వార్డుకు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. డే-కేర్ అంటే పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రం ఇంటికి వెళ్ళిపోయే వార్డు. చెన్నైలో కొన్నాళ్ళు శిక్షణ ఇప్పించి, కొత్త బ్యాడ్జి తగిలించి, వార్డు పక్కనే ఉన్న స్టోర్ రూమును ఖాళీ చేసి నా గది అన్నారు. కిటికీ లేదు గాని తలుపు గట్టిగా మూసుకునేది. కుటుంబ విషయాలు మాట్లాడే గదికి అంతకంటే ఏం కావాలి!

ఈ పని ఎందుకు వచ్చిందో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆడవాళ్ళ కేన్సర్లకు, అంటే అండాశయం, గర్భసంచి, గర్భసంచి ముఖద్వారం, వీటికి మా దగ్గర ఉన్నవి మూడే: ఆపరేషన్, కరెంటు, కీమో. మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అనే అంటారు. కీమోకు విచక్షణ తక్కువ. ఒంట్లో ఏది వేగంగా పెరుగుతుంటే దాని మీద పడుతుంది. జుట్టు రాలేది అందుకే. తర్వాత తర్వాత టార్గెటెడ్ మందులు వచ్చాయి. గడ్డ ఏ లోపం మీద ఆధారపడి బతుకుతోందో పరీక్షించి, ఆ లోపం మీదనే గురి పెట్టే మందులివి. కొన్ని సెలైన్‌లో ఎక్కించేవి. గడ్డకు రక్తం అందకుండా చేస్తాయి. వాటికి ప్రతిసారీ బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూడందే సూది గుచ్చేవాళ్ళం కాదు. కొన్ని మాత్రలు. నేను చెప్పబోయేది మాత్ర సంగతి.

మునిరత్నమ్మది తిరుత్తణి దారిలో కనకమ్మ సత్రం అనే ఊరు. యాభై దాటిన రైతు మనిషి, తెలుగింటి ఆడపడుచు, మాట కరుకు, మనసు మెత్తన. అండాశయ కేన్సర్ కడుపంతా పాకి వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, స్కాన్ శుభ్రంగా వచ్చింది. ఈలోపు పంపిన రక్త పరీక్షలో బీఆర్‌సీఏ అనే జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం బయటపడింది. ఇది చెడ్డ వార్తలా వినిపిస్తుంది గాని, ఆమె జబ్బుకు అది మంచి వార్త. ఆ లోపం ఉన్నవాళ్ళకే బాగా పని చేసే మాత్ర ఒకటి ఉంది. జబ్బు తిరగబెట్టకుండా రోజుకు రెండు పూటలా రెండేళ్ళు వేసుకోవాలి.

ఆమెకు నేను ఇలా చెప్పాను: కణానికి రోజూ ఏదో ఒక రిపేరు ఉంటుంది. చేసే మేస్త్రీలు ఇద్దరు. నీ కేన్సర్ కణాల్లో ఒక మేస్త్రీ ఎప్పుడో పని మానేశాడు. ఈ మాత్ర రెండోవాడిని కూడా కూర్చోబెడుతుంది. రిపేరు లేక ఆ కణం కూలిపోతుంది. మంచి కణంలో మొదటి మేస్త్రీ ఇంకా ఉన్నాడు గనక అది నెట్టుకొస్తుంది.

"మేస్త్రీలు మానేస్తే ఇల్లు ఏమవుతాదో నాకు తెలీదా అక్కా! మా మిద్దె మూడేండ్లు కట్టినారు," అంది మునిరత్నమ్మ.

మాత్ర పని ఆమెకు అర్థమైంది. చిక్కు అక్కడ కాదు. పుట్టుకతో వచ్చిన లోపం తోడబుట్టినవాళ్ళకూ ఉండే అవకాశం సగానికి సగం. ఆమెకు అన్నదమ్ములు లేరు, ఒక్కతే చెల్లెలు ధనలక్ష్మి. నలభై దాటింది, గుమ్మిడిపూండిలో కాపురం, అక్కడే ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పని. వాళ్ళమ్మ కడుపు ఉబ్బి, ఏ జబ్బో తెలియకుండానే పోయింది. ధనలక్ష్మికి పరీక్ష చేస్తే, లోపం ఉంటే, జబ్బు రాకముందే జాగ్రత్తపడొచ్చు. కాని రోగి అనుమతి లేకుండా బంధువులకు మేం ఫోను చేయకూడదు. అది నియమం. చెల్లెలికి చెప్పమని మునిరత్నమ్మను అడిగాను.

"ఆ మాట మాత్రం అడగొద్దక్కా," అనేసింది.

ఎందుకో రాబట్టడానికి నాకు రెండు సిట్టింగులు పట్టాయి. విషయం ఏమిటంటే, మా తిరువళ్ళూరు, తిరుత్తణి దారిలో గుండుతో కనిపించిన మనిషిని ఎవరూ ఏమీ అడగరు. తిరుత్తణి కొండ మీది మురుగసామికి తల ఇచ్చి వచ్చిందని అనుకుంటారు, ఇంకా కాళ్ళకు దణ్ణం పెట్టినా పెడతారు. మా వార్డులో పేషెంట్లు ఒకరికొకరు నేర్పుకున్న విద్య ఇది. కీమోతో జుట్టు రాలగానే మిగిలింది గొరిగించుకుని, తిరుత్తణి మొక్కు అని చెప్పేసేవాళ్ళు. నిజం చెప్పాలంటే మా వార్డులో సగం మంది ఆ సామి లెక్కలోనే జమ.

మునిరత్నమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. భర్తను బస్సెక్కించి తిరుత్తణికి పంపి, విభూతి తెప్పించి, గుండుకు గంధం పూసుకుని, వీధంతా పంచింది. చెల్లెలికీ ఒక పొట్లం పంపింది. కడుపు ఆపరేషన్ గురించి అడిగితే గర్భసంచి తీశారని చెప్పింది. భర్తకు, కొడుక్కు తప్ప ఇంకెవరికీ జబ్బు పేరు తెలియదు. మనుషులకు చెప్పిన అబద్ధం గురించి ఆమెకు బెంగ లేదు. సామి పేరు పెట్టి ఆడింది గనక అది గొంతులో ముల్లయి కూర్చుంది.

"ముందు సామికి నిజంగానే మొట్ట కొట్టించుకోనీ అక్కా. ఆ పొద్దే ధనానికి చెప్తాను. తల ఇచ్చేసినాక అది అబద్ధం గాదు, ఆలస్యం."

మొట్ట అంటే మా వైపు గుండు. సరే, ఎప్పుడు ఇస్తావన్నాను. జుట్టు జానెడు పెరిగినాక అంది. కీమో ఆగి కొద్ది నెలలే అయింది, తల మీద బొటనవేలి గోరంత మొలిచింది. ఆ లెక్కన జానెడు పెరగడానికి ఏడాదిన్నర పడుతుంది. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు. మా వార్డు కేన్సర్ డాక్టరమ్మ చెప్పి చూసింది, భర్త చెప్పి చూశాడు. ఆ భర్త నా దగ్గరికి వచ్చి, "పెండ్లయినప్పటినుంచీ చూస్తాండా సిస్టరమ్మా, ఆమె ఒకటి అనుకుంటే అంతే," అని చేతులెత్తేశాడు.

జూలైలో నెలవారీ రక్త పరీక్షకు వచ్చింది. ఆ మాత్రతో హిమోగ్లోబిన్ తగ్గుతుంది గనక ప్రతి నెలా చూడటం తప్పనిసరి. రక్తం తీస్తుంటే మాటల్లో మాటగా, "మా ధనానికీ ఈ మధ్య కడుపు ఉబ్బరమంట. గ్యాసు అంటాంది," అంది. అండాశయ కేన్సర్ చాలాసార్లు ఇలా ఉబ్బరంతోనే బయటపడుతుంది. ముందే భయపడ్డ మనిషిని ఇంకా బెదిరించకూడదు, అలాగని ఊరుకోనూ కూడదు. గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"మీ మనవడికి మొట్ట కొట్టించినామని చెప్పినావే, అప్పుడు వాడి జుట్టు జానెడు ఉండెనా?" అని అడిగాను.

"వాడివి పుట్టెంట్రుకలక్కా. ఎంతుంటే అంతే."

"మరి నీవి? ఒక్కటి మిగలకుండా పోయి, అడుగునుంచి కొత్తగా మొలిచినాయి. చెయ్యి పెట్టి చూసుకో. ఇవి పుట్టెంట్రుకలు గాక మరేమి?"

కీమో తర్వాత వచ్చే జుట్టు నిజంగానే పసిపిల్లల జుట్టులా మెత్తగా, ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆమె తల మీద చేయి వేసుకుని అలా నిమురుకుంటూ కూర్చుంది. ఒక్కసారి ఫక్కున నవ్వింది. "సిస్టరువి గాదక్కా నువ్వు, ప్లీడరువి," అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

జుట్టు పొడవు తేలింది గాని బేరం ముగియలేదు. ఆమెకు ఆడికృత్తిక నాడే కావాలి, అంటే భక్తులు సామికి కావళ్ళు మోసుకొచ్చే పెద్ద పండుగ నాడు. ఆ రోజు కొండ మీద ఇసుక వేస్తే రాలదు. తెల్ల కణాలు తక్కువగా ఉన్న మనిషిని ఆ కావళ్ళ మధ్యకు పంపనని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. మామూలు మంగళవారానికి ఒప్పించాం. మెట్లెక్కి పోతానంది. హిమోగ్లోబిన్ తక్కువ, బస్సులోనే అన్నాం. దానికి మాత్రం మూతి ముడుచుకుంది. ఇక క్షవరమంటే కత్తి, గాటు పడితే రక్తం ఆగాలి, కాబట్టి ప్లేట్‌లెట్లు చూశాం. బాగానే ఉన్నాయి. గుండు కొట్టించుకోవడానికి ఫిట్‌నెస్ ఇచ్చిన కేన్సర్ డాక్టర్ మా రాష్ట్రంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు అని నేను డాక్టరమ్మను ఏడిపించాను. చివరగా మునిరత్నమ్మ ఒక షరతు పెట్టింది: నేనూ కొండకు రావాలి.

మంగళవారం నాకు వీక్లీ ఆఫ్. చెల్లెలికి ఎలా చెప్పాలో ముందే రిహార్సల్ వేయించాను. ముందు ఆమెను కూర్చోబెట్టు. నేను బాగున్నాను అన్న మాటతో మొదలుపెట్టు. తర్వాత జబ్బు పేరు, ఆ తర్వాత అమ్మ సంగతి, చివరికి పరీక్ష. శిక్షణలో మాకు నేర్పిన వరస అది. ఆమె పాఠంలా అప్పజెప్పింది కూడా.

ధనలక్ష్మి గుమ్మిడిపూండి నుంచి రెండు రైళ్ళు మారి, క్యారియర్ నిండా పులిహోరతో దిగింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అక్క ముందే చెప్పింది. కొండ మీదికి వెళ్ళే బస్సులో ఆమె కంపెనీ సూపర్‌వైజర్ ఇంటి గొడవలన్నీ నాకు తెలిసిపోయాయి. నేను ఆసుపత్రి సిస్టర్‌నని, అక్కకు స్నేహితురాలినని మాత్రమే ఆమెకు తెలుసు. తలనీలాలు తీసే హాలులో కొత్త బ్లేడు కాగితం విప్పేదాకా నేను మంగలి పక్కనే నిలబడ్డాను. ఆయన నన్ను హెల్త్ ఇన్‌స్పెక్టర్ అనుకుని, ఇంకో కొత్త బ్లేడు కూడా తీసి చూపించాడు.

మునిరత్నమ్మ తల వంచి కూర్చుంది. ఆయన నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. వెనకనుంచి ధనలక్ష్మి, "పోయినేడే గదక్కా ఇచ్చినావు! మళ్ళా ఏమిటికి? ఎన్ని మొక్కులుండాయి నీకి?" అంది.

రిహార్సల్ అంతా నీళ్ళలో కలిసింది. తల ఎత్తే వీలు లేని మునిరత్నమ్మ నేలకేసి చూస్తూనే అనేసింది.

"పోయినేటిది ఆసుపత్రికి పోయినాది. ఇదే సామిది. నాకు కేన్సర్ వచ్చినాది ధనం. అమ్మకీ అదే అయ్యుంటాది. నీకీ టెస్టు చెయ్యాలంట. నేను బాగుండా."

మంగలి కత్తి ఆపాడు.  ధనలక్ష్మి ఏడుస్తూ అరిచింది.

"నువ్వు పంపిన విబూది కడుపుకు పూసుకుంటా ఉండాను గదే, ఇన్ని దినాలూ! ఉత్తదా అది?"

"ఉత్తది యాడ? సామి విబూదే. మీ బావ పోయి తెచ్చినాడు. జుట్టే ఉత్తది."

పక్కన వరసలో ఉన్నవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక మా వైపు చూశారు. నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. గుండు పూర్తయ్యాక గంధం ధనలక్ష్మే పూసింది, అక్కను తిడుతూనే. "నాకు చెప్పకుండా ఎట్ల ఉండినావే, నేను పరాయిదాన్నా?" అని ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పూత. దిగేటప్పుడు బస్సులో అక్క పక్కన కూర్చోలేదు. నా పక్కన కూర్చుని, ఆసుపత్రికి ఏ రోజు రావాలి, ఎన్ని గంటలకు రావాలి అని మాత్రం అడిగింది.

ఆ వారంలోనే వచ్చింది. ఓపీ కిటికీ తెరవకముందే బెంచీ మీద మొదటి మనిషి ఆమె. ముందు స్కాన్ చేయించాం. అండాశయాలు మామూలుగా ఉన్నాయి. గ్యాసు నిజంగా గ్యాసే. కంపెనీ క్యాంటీన్ సాంబారుకు ఆమె చాలాసేపు శాపనార్థాలు పెట్టింది. జన్యు పరీక్షకు రక్తం పంపాం. కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. అక్కకున్న లోపమే ఆమెకూ ఉంది.

డాక్టరమ్మ, నేను కలిసి చెప్పాం. ఆమె బెదరలేదు. "అట్లయితే అక్క మింగే మాత్ర నాకీ రాసియ్యండి," అంది.

ఆ మాత్ర జబ్బు ఉన్నవాళ్ళకు, నీకు జబ్బు లేదు అన్నాను. ఆ మాత్ర నీకు ఎన్నటికీ అక్కర పడకుండా చూడాలనే మీ అక్క నోరు తెరిచింది అని కూడా అన్నాను. పిల్లల్ని కనడం అయిపోయింది గనక అండాశయాలు, వాటి పక్కనుండే అండనాళాలు ముందే తీసేయడం మంచిదని, ఏటా రొమ్ముల పరీక్షలు తప్పవని, ఆపరేషన్ తర్వాత ముట్లు ఆగి ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయని డాక్టరమ్మ వివరించింది. ధనలక్ష్మి భర్తతో మాట్లాడి రెండు వారాల్లో సరేనంది. దీపావళి అయ్యాక ఆపరేషన్ జరిగింది. తీసిన నాళాలను పేథాలజీలో పలచని ముక్కలుగా కోసి ఒక్కొక్కటీ చూస్తారు, కంటికి కనపడని మొదలు ఏదైనా ఉంటే దొరకాలని. ఏమీ దొరకలేదు. ఆ రిపోర్టు నేనే ఫోనులో చదివి వినిపించాను. అవతల అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఫోను మీద పోట్లాడుకుంటూ విన్నారు.

కౌన్సెలింగ్‌లో మొదట వంశవృక్షం గీస్తాం. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, జబ్బు వచ్చినవాళ్ళకు నలుపు నింపుతాం. ఇంట్లో ఎవరెవరికి కేన్సర్ వచ్చిందన్నది శిక్షణలో నేర్పిన మొదటి ప్రశ్న. మునిరత్నమ్మ తర్వాత నేను దాన్ని రెండోది చేశాను. నీ జబ్బు సంగతి ఇంట్లో ఎవరెవరికి తెలుసు అన్నది మొదటి ప్రశ్న అయింది. గురి పెట్టి కొట్టే మందు ఎంత గొప్పదైనా మింగిన మనిషి ఒంట్లోనే పని చేస్తుంది. తోడబుట్టినవాళ్ళ దాకా వెళ్ళాల్సింది రోగి నోటి మాటే. ఆ మాట ఎందుకు ఆగిందో కనుక్కోవడం మా డ్యూటీలో భాగమని అప్పుడు తెలిసింది. పదవీ విరమణ రోజున వార్డు అప్పగిస్తూ, నా తర్వాతి సిస్టర్‌కు అదే చెప్పాను. ఎవరికి చెప్పలేదో అడుగు, ఆ సున్నాల కింద గీత గీసుకో, మన దగ్గరికి ఇంకా రాని పేషెంట్లు వాళ్ళే అన్నాను.