తినని నేరేడు పండ్లు

మా చెల్లెలి పెదవులు నల్లగా ఉండేవి. కాటుక నలుపు కాదు, నేరేడు పండు నలుపు. అందుకే అమ్మకు దాని మీద అనుమానం. "నాలుక సూపియ్యి" అనేది. నాలుకదీ అదే రంగు. ఇంకేముంది, దొంగ దొరికినట్టే. వీపు మీద రెండు పడేవి. కాపు లేని రోజుల్లోనూ ఆ రంగు పోవడం లేదు కదా అని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చలికాలంలో చలి అనుకునేవాళ్లం, వానల్లో తడిసింది అనుకునేవాళ్లం, ఎండలు ముదిరితే నేరేడు పండ్లు. ఏ కాలానికి ఆ సాకు.

దాని రెండో నేరం కూర్చోవడం. వేములపల్లిలో ఇంటి నుంచి పొలానికి పోతుంటే దారి మధ్యలో ఆయాసపడుతూ, మోకాళ్లు పొట్టకు అదుముకొని గొంతుక్కూర్చునేది. "దొరసానికి పల్లకి తేండ్రే" అని నాట్లకు పోయే ఆడవాళ్లు నవ్వేవారు. అమ్మకు తల కొట్టేసినట్టయ్యేది. రెక్క పట్టి లేపేది.

నవాబు రాజ్యం పోయి, గొడవలు సద్దుమణిగి బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజులు. మాఘమాసంలో అది నడుస్తూ నడుస్తూ సొమ్మసిల్లింది. మిర్యాలగూడలో ఇచ్చిన రక్తం పట్టే మందు పని చేయలేదు. సూర్యాపేటలో మంచి డాక్టరున్నాడంటే అమ్మ, నేను దాన్ని తీసుకుపోయాం.

దవాఖాన వాకిట్లోనే చెల్లెలు మళ్లీ కూర్చుంది.

"లే, మంది సూస్తున్రు" అని అమ్మ చెయ్యి గుంజింది.

వరండాలో ఉన్న డాక్టరు చూశాడు. "గుంజకమ్మా!" అన్నాడు గట్టిగా.

లోపల చాలాసేపు గుండె విన్నాడు. వేళ్ల కొనలు నొక్కి చూశాడు. అవి ఉబ్బి గుండ్రంగా ఉండేవి. మేమేమో ముద్దొచ్చే వేళ్లనుకునేవాళ్లం.

"ఎప్పుడు గిట్లనే కూసుంటదా?"

"సోమరిది సారూ. దొంగతనంగ నేరేడు పండ్లు గూడ తింటది" అంది అమ్మ.

"మాఘంల నేరేడు పండ్లు యాడ దొరుకుతయమ్మా?"

అమ్మ చెల్లెలి పెదవుల వైపు చూసింది.

పుట్టుకతోనే గుండె లోపలి గోడకు బెజ్జం ఉందట. ఊపిరితిత్తులకు నెత్తురు పోయే దారి ఇరుకట. చెడ్డ నెత్తురు మంచిదాంట్లో కలిసి ఒళ్లు నీలమవుతుందట.

"పుస్తకంల సదివిన గని, కండ్లతోటి సూసుడు ఇదే మొదలు. గట్ల కూసుంటెనే ఆ పిల్లకు ఊపిరి అందుతది. సోమరితనం గాదమ్మా. తనకు తెలిసిన మందు గదొక్కటే."

"మరి మీ మందు సారూ?"

"విలాయత్ దిక్కు ఆపరేషన్ మొదలువెట్టిన్రంట. మన దిక్కు ఇంక లేదు. కూసుంటె కూసోనియ్యుండ్రి."

నాకు ఆయన మీద ఒళ్లు మండింది. రోగం పేరు కనిపెట్టడానికేనా ఇంత చదువు అనుకున్నాను. ఇప్పుడలా అనుకోను. ఆ రోజు నుంచి దాని వీపు మీద దెబ్బ పడలేదు. అదీ వైద్యమే.

తిరుగు దారిలో అది ఎక్కడ కూర్చుంటే అమ్మా అక్కడే పక్కన కూర్చుంది. మంది చూశారు, చూడనీ.

ఎండలు ముదిరాక అమ్మ కొంగు నిండా నేరేడు పండ్లు తెచ్చి దాని ముందు పోసింది. మళ్లీ కాపు దాకా అది ఉంటుందన్న నమ్మకం అమ్మకు లేదు. అది బతకనూ లేదు.

"తిను బిడ్డా, ఎన్నన్న తిను."

చెల్లెలు ఒకటి కొరికి మొహం చిట్లించింది.

"వగరు. గీటికేనా అమ్మా, నన్ను కొట్టింది?"