ఆ దారిన ఎవరూ రారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒక్కటే పలక. అది మా తమ్ముడిది. వాడు బడికి వెళ్తే నేను నీళ్ళు మోసేదాన్ని. పలక తుడిచిపెట్టడం నాకు తెలుసు గానీ దానిమీద రాయడం ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. అరవై నాలుగో ఏట, మా గుడిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేచోట, వాళ్ళ వెనక చాప వేసుకుని కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇప్పుడు మెల్లగా రాయగలను. ఇంత కష్టపడి రాయడమెందుకు, నోటితో చెప్పొచ్చుగా అని మా మనవరాలు అడిగింది. నోటితో చెప్పాలంటే ఎదుటివాళ్ళ ముఖం చూడాలి. ఈ సంగతి ఎవరి ముఖం చూస్తూనూ నేను చెప్పలేను.

మాది బర్మా. అప్పట్లో మేం ఇన్సేన్ అనే ఊరు దాటి ఉండేవాళ్ళం. మా తాతయ్య అక్కడి రైలు వర్క్‌షాపులో పనిచేసి దిగిపోయిన మనిషి. యాంగోన్‌ను మా పెద్దలు రంగం అనేవారు. రంగం నుంచి వచ్చే బస్సు సరిగ్గా మా ఇంటి ముందు ఆగి వెనక్కి తిరిగేది, ఎందుకంటే తారురోడ్డు అక్కడితో సరి. తర్వాతదంతా మట్టిదారి. అది పొలాల మధ్యనుంచి, కాలువ దాటి, గోంగూర పండించేవాళ్ళ పల్లెకు పోయేది. ఆ పల్లెలో సగం మన తెలుగువాళ్ళు, సగం బర్మావాళ్ళు. ఎండల్లో అయితే గంట నడక. వానల్లో ఎంతసేపని చెప్పలేం.

దారినపోయేవాళ్ళ దాహం తీర్చడానికి ఇక్కడ చాలామంది ఇంటిముందు చెక్క అరమీద మట్టికుండలు పెట్టి, మూతమీద గ్లాసు బోర్లిస్తారు. మా తాతయ్య ఆ కుండలతోపాటు కింద ఒక పెద్ద బాన కూడా పెట్టాడు. అది కాళ్ళకు. గడపలోకి వచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళివ్వాలి, ఆ పల్లెవాళ్ళకు రంగం గడప మన ఇల్లేగా అనేవాడు. వాళ్ళు మోకాళ్ళదాకా బురదతో వచ్చి, గంపలు దించి, కాళ్ళు కడుక్కుని, మూటలో తెచ్చుకున్న చెప్పులు తీసి వేసుకుని అప్పుడు బస్సెక్కేవారు. ఆ బాన నింపడం నా పని.

వాళ్ళలో ఒక అక్క ఉండేది. నేను గోంగూర అక్క అని పిలిచేదాన్ని. బస్సు వచ్చేలోగా నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. మా అమ్మకు అంత తీరిక ఉండేది కాదు. "ఇది జుట్టేటే గుంటా, కొబ్బరి పీసు!" అంటూ లాగి లాగి వేసేది. ఆ కాసేపటి కోసం నేను ఎవరూ లేపకుండానే లేచి బాన నింపేదాన్ని.

ఒక వానాకాలం, రోడ్లు కొలిచే ఒకాయన వచ్చాడు. బర్మా మనిషి. చంకలో గొడుగు, చేతిలో పుస్తకం. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. మట్టిదారి చూపించి, వానల్లో ఇటునుంచి మనుషులు వస్తారా అని అడిగాడు. రోడ్డు పల్లెదాకా వేయాలా వద్దా అని చూసి రాసుకుపోవడానికి వచ్చాడట.

"రోడ్డు వేస్తే బస్సు ఎక్కడ ఆగుతుంది?" అన్నాను.

"పల్లెలోకే పోతుంది," అని నవ్వాడు.

నా బుర్రలోకి ఒక్కటే వచ్చింది. అక్క ఇక మా ఇంటిముందు ఆగదు. బస్సు కిటికీలోంచి చూసుకుంటూ పోతుంది.

"ఆ దారిన ఎవరూ రారు," అన్నాను. "వానల్లో అసలే రారు."

బాన పక్కన పొద్దుటి బురద ఇంకా ఆరలేదు. ఆయన దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. పెన్సిలు నాలుకకు తాకించి రెండు వరుసలు రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ రెండు వరుసల్లో నా మాట ఉందో లేదో చదువుకునే శక్తి నాకు లేదు.

మా ఇంటి పక్క టీ కొట్టువాడు వినే ఉంటాడు, వాడి ద్వారా తాతయ్యకు తెలిసింది. తాతయ్య నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మూడో రోజు పొద్దున్న గొడుగు తీసి, "రాయే, ఒక సోటుకి ఎల్లొద్దాం," అన్నాడు. ఏ తిరునాళ్ళకో అనుకుని గంతులేస్తూ బయల్దేరాను. ఆయన మట్టిదారిలోకి దిగాడు.

ఆ బురద కాలిని పట్టుకుని వదలదు. రెండుసార్లు పడ్డాను. "లెగు," అన్నాడే గానీ చెయ్యి ఇవ్వలేదు.

"ఎత్తుకో తాతా," అని ఏడ్చాను.

"గంపతోటి వొస్తాది గదా మీ అక్క. దాన్నెవులు ఎత్తుకుంటన్నారే?"

అక్క వాళ్ళది కర్రలమీద నిలబెట్టిన ఇల్లు. వెదురు మెట్లమీద నా ఈడు పిల్ల ఒకతె కూర్చుని ఉంది. అక్క చెల్లెలు. ఒక కాలు పుల్లలా సన్నగా ఉంది. ఎండల్లో అక్క దాన్ని చంకనెత్తుకుని అటూ ఇటూ తిప్పేదట. వానలు పట్టాక మళ్ళీ దారి గట్టిపడేదాకా ఆ మెట్లే దానికి లోకం. నన్ను చూసి అది ఒక్కో మెట్టూ జరుక్కుంటూ కిందికి దిగి, డబ్బాతో నీళ్ళు ముంచి నా కాళ్ళమీద పోసింది. చేత్తో బురద రుద్దింది. వద్దన్నాను.

"రోజూ మా అక్క కాళ్ళకి నీల్లెట్టేది నువ్వేగా!" అంది. తలెత్తకుండానే మళ్ళీ అడిగింది. "రోడ్డు కొలిసినాయన మీ ఇంటికొచ్చినాడంట గదా. బస్సు మా మెట్లకాడికి వొచ్చేస్తాదంట గదా. నిన్నేటడిగినాడే?"

"నాకు తెలీదు," అన్నాను.

అది నా రెండో అబద్ధం. తాతయ్య విన్నాడు.

ఆ రోజు రోడ్డు గురించి ఆ ఇంట్లో పెద్ద వాదులాటే జరిగింది. అక్క తండ్రికి రోడ్డు ఇష్టం లేదు. "రోడ్డు ముందొస్తాది, ఎనకాల నేల కొనీవోళ్ళొస్తారు. మనం యాడికెల్తాం?" అన్నాడు. "నీ నేల నువ్వు సూసుకో అయ్యా. ఈ గుంటని మోసేది నాను!" అని అక్క లేచింది. తాతయ్య ఇద్దరి మాటా విన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నాడు. "రోడ్డు మంచిదో సెడ్డదో నాకూ తెలీదే. ఔనన్నా కాదన్నా ఆ మాట ఆల్లు సెప్పాల. మనం సెప్పేసినాం."

నువ్వు అని అనలేదు, మనం అని అన్నాడు. నాకు అదే ఎక్కువ తగిలింది.

కొలిచే ఆయన మళ్ళీ రాలేదు. నేను పెళ్ళై ఆ ఇల్లు వదిలేదాకా రోడ్డు మా ఇంటిముందే ఆగిపోయి ఉంది. ఒక చిన్నపిల్ల మాటతో రోడ్లు ఆగవని ఎవరైనా అంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. కానీ అక్క ఆ తర్వాత కూడా రోజూ నాకు జడ వేసేది. ఆ వేళ్ళు తలకు తగులుతుంటే నేను నేలచూపులు చూసేదాన్ని.

ఇంతవరకే అయితే ఈ కాగితం రాసేదాన్ని కాదేమో. ఈ వానల్లో ఇంకొకటి జరిగింది.

ఇప్పుడు మేం ఉండేది కూడా నగరం అంచునే. వీధివాళ్ళం కలిసి మా వీధికి సిమెంటు వేయించుకున్నాం. చివర కాలువ, దాని అవతల గుడిసెలు. అక్కడికి మట్టిదారే. మొన్న మా వీధి పెద్ద ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"మామ్మా, ఏలిముద్ర మానేసి సంతకం నేర్సినావంట! ముందు నువ్వెట్టు. నిన్ను సూసి మిగతావోళ్ళెడతారు."

"ఏటిది?"

"అదే, సివర మట్టిదారి లేదా, ఆ రోడ్డు సంగతి."

రోడ్డు సంగతి ఏమిటని నేను అడగలేదు. కాగితం బర్మా రాతలో ఉంది. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలే. అయినా కలం చేతికివ్వగానే మనసు పొంగిపోయింది. నా పేరు తెలుగులో, కాగితం వెనక అచ్చు పడేటంత గట్టిగా రాశాను. నకలు ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు.

సాయంత్రం పనినుంచి వచ్చి మా మనవరాలు అది చదివింది. "మామ్మా, సైన్ పెట్టేముందు నాకో ఫోన్ కొట్టొచ్చు గదా! ఆ దారిన ఎవరూ రారు, రోడ్డు అక్కర్లేదు అని రాశారిందులో. ఎవరూ రాకపోవడమేంటి, పొద్దున్నే మన కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కునేది ఎవరు?"

అక్షరాలు రాని రోజున నోటితో చెప్పిన అబద్ధాన్ని, అక్షరాలు వచ్చాక చేత్తో రాశాను.

మర్నాడు పొద్దున్నే వీధి పెద్ద ఇంటికి వెళ్ళి కాగితం అడిగి, నా పేరు కొట్టేశాను. అతనికి కోపం వచ్చింది. "నీ పేరు సూసే పదిమంది ఎట్టినారు మామ్మా. రోడ్డేస్తే లారీలు దిగుతాయి. మన పిల్లలాడుకునే వీది ఇది," అన్నాడు. అందులోనూ నిజం ఉంది. ఆ పదిమంది పేర్లు నేను కొట్టెయ్యలేను.

అక్కడినుంచి వీధి చివరికి నడిచి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మట్టిదారిలోకి దిగాను. నాలుగడుగులకే ఎదురుగా తలమీద గంపతో ఒకామె వచ్చింది. "ఈ బురదలో ఎక్కడికి అవ్వా?" అని బర్మాలో అడిగింది. మీ దగ్గరికేనన్నాను. ఇక్కడ రోడ్డు వేయాలో వద్దో మీరు చెప్పండి, వినడానికి వచ్చానన్నాను.

ఆమె నా కాళ్ళ బురద చూసి, గంప దించింది.